బొటనవ్రేలి వార్త

తెల్లవారుజామున దీపము వెలిగింపకయే పెరటివైపు నడచుచు, ఏమరుపాటున కాలి బొటనవ్రేలిని గడపకు తాకించుకొననివారు మన యిండ్లలో అరుదు. ఆ క్షణమున జరుగు సంగతిని ఒకింత నిదానించి పరికించినచో ఒక విశేషము తెలియవచ్చును. మొదట వ్రేలు దేనికో తగిలినదను స్పృహ కలుగును. దానివెంటనే సూదితో పొడిచినట్లు ఒక చుఱుకైన నొప్పి చప్పున వచ్చి చప్పున పోవును. పెద్ద దెబ్బ కాదులెమ్మని మనము ఊపిరి పీల్చుకొను లోపలనే, లోతునుండి ఊరివచ్చునట్లు మఱియొక నొప్పి, మంటయు సలుపును కలిసినది, మెల్లగా కమ్ముకొని, గడపమీద కూర్చుండరాదను పెద్దల మాటను సైతము మఱపించి, వ్రేలిని చేతబట్టుకొని అక్కడనే కూలబడునట్లు చేయును. దెబ్బ ఒక్కటే, నొప్పులు మాత్రము రెండు.

ఒకే వ్రేలినుండి ఒకే మెదడునకు బయలుదేరిన వార్తలు ఇట్లు ముందువెనుకలుగా చేరుటకు కారణము అవి నడచిన దారులు వేఱగుటయే. స్పర్శను తెలుపు నాడీతంతువులు లావైనవి, దళమైన తొడుగు గలవి. వానిలో వార్త సెకనుకు 35 మొదలు 75 మీటర్ల వఱకు పరుగెత్తును. చుఱుకు నొప్పిని తెచ్చునవి సన్ననివి, పలుచని తొడుగు గలవి. వాని వేగము సెకనుకు 5 మొదలు 30 మీటర్లు. సలుపును మోసికొని వచ్చునవి మిక్కిలి సన్నని, తొడుగే లేని దిగంబర తంతువులు. వానిలో వార్త సెకనుకు ఇంచుమించు ఒక్క మీటరు మాత్రమే సాగును, అనగా తీరికగా నడచిపోవు మనుష్యునితో పందెము వేసినను అది గెలువజాలదు. బొటనవ్రేలినుండి వెన్నుపామునకు దూరము సుమారొక మీటరనుకొన్నచో, చుఱుకు నొప్పి సెకనులో ఇరువదవ వంతున చేరగా, సలుపునకు నిండు సెకను పట్టును. ఈ తేడాకంతటికిని మూలమైన తొడుగునకు మైలిన్ అని పేరు. వార్తను మోయుట దాని పని కాదు. అది చాలవఱకు క్రొవ్వు. అయినను తానేమియు పలుకక, తన క్రిందనున్న తంతువును సైతము చాలచోట్ల పలుకనీయక కప్పివేసి, ఆ మౌనముచేతనే వార్తకు వేగము కల్పించుట దీనియందలి చమత్కారము.

అనుభూతి తక్షణమే కలుగునని మనుష్యులు చిరకాలము నమ్మిరి. వ్రేలు కాలుటయు, కాలినదని తెలియుటయు ఒకే ముహూర్తమున జరుగునని తోచుట సహజము; ఆ రెంటి నడుమ ఎడమున్నదని చెప్పుటకు మనకు వేఱొక సాక్షి లేదు గదా. 19వ శతాబ్ది పూర్వార్ధమున జర్మనీదేశమున శరీరధర్మశాస్త్రమునకు ఆచార్యుడై వెలసిన యోహానెస్ మ్యూలర్ సైతము, నాడీవేగమును కొలుచు సాధనము మానవులకు ఎన్నటికిని లభింపకపోవచ్చునని తలచెను. ఆయన శిష్యుడే యగు హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ 1850లో ఒక కప్ప కాలికండను, దానికి అంటియున్న నాడిని తీసికొని, ఆ నాడిని కండకు దగ్గఱగా ఒకమాఱును, దూరముగా ఒకమాఱును విద్యుత్తుతో తట్టి, కండ ముడుచుకొనుటకు పట్టిన కాలములలోని తేడాను లెక్కించెను. వేగము సెకనుకు సుమారు 27 మీటర్లని తేలినది. గంటకు నూఱు కిలోమీటర్ల లోపే! మనోవేగమని, వాయువేగమని మన కథలలో వేగమునకు పరాకాష్ఠగా చెప్పుకొను మాటలలో మొదటిది, కనీసము కప్ప విషయమున, మన ఎక్స్‌ప్రెస్ రైలును దాటలేకపోయినది. మనుష్యుని నాడులలో మిక్కిలి చుఱుకైనవి సెకనుకు 120 మీటర్ల వఱకు అందుకొనును. అయినను తీగెలో పాఱు విద్యుత్తుతో పోల్చినచో అది నత్తనడకయే.

నాడీకణమునుండి బయలుదేరు పొడవైన పోగును ఆక్సాన్ అందురు. మన శరీరమున కొన్ని ఆక్సానులు వెన్నుపామునుండి కాలివ్రేళ్ళ వఱకు ఇంచుమించు మీటరు పొడవున సాగియున్నను, వాని లావు మిల్లీమీటరులో ఏబదవ వంతునకు మించదు. ఇట్టి పోగులచుట్టును చుట్టబడిన తెల్లని క్రొవ్వుపొరయే మైలిన్. మెదడును నిలువున కోసి చూచినచో కణదేహములు గుమిగూడిన పైపట్టు బూడిదవన్నెతోను, తంతువులు గుంపులుగా సాగిపోవు లోపలి భాగము పాలమీగడవలె తెల్లగాను కనబడుట దీనివలననే. 1854లో రుడాల్ఫ్ విర్చో ఈ పదార్థమునకు మైలిన్ అని నామకరణము చేసెను. గ్రీకుభాషలో ఆ మాటకు మూలుగ యని అర్థము. పేరు నిలిచినది గాని, అది వినువారిని కొంత దారి తప్పించును. ఏలయన మూలుగ ఎముక లోపల నిండియుండునది, మైలిన్ తంతువునకు వెలుపల చుట్టుకొనునది. మన వైద్యగ్రంథములు చెప్పు సప్తధాతువులలో ఆఱవది మజ్జ. ఈ నామసామ్యమును పట్టుకొని, మైలిన్ సంగతి మన పూర్వులకు ముందే తెలియునని చాటుటకు ఉత్సహించువారు ఉండవచ్చును. నేనా కోవలో చేరజాలను. విర్చోయు మన పూర్వులును తెల్లని మెత్తని పదార్థమును చూచి ఒకే పోలిక తలచిరనుట చాలును.

క్రొవ్వు ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. నీటిపాలు తీసివేసినచో మైలిన్ బరువులో నూటికి 70 మొదలు 80 పాళ్ళు క్రొవ్వులే, తక్కినది మాంసకృత్తులు. ఏ కొలెస్టరాలు పేరు వినినంతనే నడివయస్సు వారు ఉలికిపడుదురో, దానిలో శరీరమునకంతకు గల మొత్తమున ఐదవ వంతునకు తగ్గకుండ మెదడులోనే యున్నది, అందును అధికభాగము మైలిన్ పొరలయందే. దీనిని చదివి, పప్పన్నములో మఱొక గరిటెడు నేయి వంచి "తినరా, తెలివి వచ్చును" అను అవ్వల మాట నిజమైనదని సంతసింపవలదు. రక్తములోని కొలెస్టరాలు మెదడు గడప దాటదు. తనకు కావలసినది మెదడు తానే వండుకొనును.

ఈ తొడుగు తంతువు పొడవునను ఎడతెగక సాగదని మొదట స్పష్టముగా గుర్తించినవాడు ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు లూయీ ఆంత్వాన్ రాన్వియర్. 1870ల తొలినాళ్ళలో పారిస్ నగరమున ఆయన నాడులకు వెండిలవణమును పట్టించి సూక్ష్మదర్శిని క్రింద చూడగా, తంతువుపై నిర్ణీతమైన ఎడములలో సన్నని నొక్కులు, వానివద్ద నల్లని శిలువగుర్తులు కానవచ్చెను. మన పాఠ్యగ్రంథములలో వానిని రాన్వియర్ కణుపులు అని వ్రాయుదురు. ఈ అనువాదము చేసినవారెవరో గాని మిక్కిలి రసజ్ఞులు. చెఱకుగడను చూడుడు: నునుపైన బోద్దె, ఒక కణుపు, మరల బోద్దె, మరల కణుపు, మొలకెత్తు కన్ను ఉండునది కణుపునందే గాని బోద్దెమీద కాదు, అందుచేతనే ముచ్చెలు కోయు రైతు కణుపును కాచికొని కత్తివేయును. నాడీతంతువునందును వార్తను తిరిగి మొలిపించు కన్ను కణుపుననే యున్నది. కొలతలలో మాత్రము చెఱకునకు దీనికి పోలిక లేదు. పెద్ద తంతువులయందు రెండు కణుపుల నడుమ దూరము సుమారొక మిల్లీమీటరు కాగా, కణుపు నిడివి అందులో వెయ్యవ వంతు మాత్రమే. తొడుగు కప్పిన భాగమును ఒక కిలోమీటరుగా భావించినచో బయలుగానున్న చోటు ఒక్క మీటరు. పోషకద్రవములు తంతువు లోనికి చొచ్చుటకే ఈ సందులున్నవని రాన్వియర్ ఊహించెను. ఆ ఊహ సరికాదని తేలుటకు డెబ్బది ఏండ్లు పట్టినది.

ఆ కణుపులవద్ద జరుగునదేమో తెలిసికొనుటకు ముందు, తొడుగు లేని తంతువున వార్త ఎట్లు నడచునో చూడవలెను. తంతువు లోపలికిని వెలుపలికిని సుమారు 70 మిల్లీవోల్టుల విద్యుత్భేదము ఎప్పుడును నిలిచియుండును. ఒకచోట ప్రేరణ తగులగానే అచ్చటి సోడియం ద్వారములు తెఱచుకొని, వెలుపలనున్న సోడియం అయానులు లోపలికి దుమికి, ఆ భేదమును క్షణకాలము తలక్రిందులు చేయును. ఆ కల్లోలము ప్రక్కనున్న ద్వారములను తెఱపించును. అవి తమ ప్రక్కవానిని. ఇట్లు అడుగడుగునను తలుపులు తెఱచుచు మూయుచు పోవలసి వచ్చుటచే ఆలస్యము తప్పదు. పైగా పలుచని పొరగుండ విద్యుత్తు కాఱిపోవుచుండును. మట్టిబోదెలో వదలిన నీరు దారిపొడుగునను నేలలోనికి ఇంకిపోయి శివారు మడులకు చేరక రైతును ఏడిపించుట మనమెఱిగినదే. ఆ బోదెకే గట్టిగా గచ్చు చేయించినచో నీరు ఒక్క ఊపున కడవఱకు పాఱును. మైలిన్ చేయునది ఈ గచ్చు పని. తొడుగు క్రింద విద్యుత్తు కాఱదు, ఆగదు. ఒక కణుపున పుట్టిన అలజడి రెప్పపాటులో సహస్రాంశముకన్న త్వరగా మఱుకణుపును తాకి, అచ్చట బలహీనపడక, క్రొత్తగా పుట్టినదానివలె పూర్తిబలమును పుంజుకొని ముందునకు పోవును.

దీనిని విద్యార్థులకు బోధించువారు అన్ని స్టేషనులలో ఆగని రైలుతో పోల్చుచుందురు. నాకు ఆ పోలిక రుచింపదు. రైలు ఆగిన చోట కాలము పోగొట్టుకొనును గాని బలము సంపాదింపదు. దీనికంటె మన పాత అంచెతపాలా నయము. ఒక బంట్రోతు పరుగున సంచిని తెచ్చి అంచెచౌకిలో అందింపగా, అలసట ఎఱుగని మఱియొకడు దానిని భుజమున వేసికొని వచ్చు అంచెకు ఉఱుకును. ఉత్తరము ఒక్కటే, కాళ్ళు మాత్రము ప్రతి అంచెకును క్రొత్తవి. బొటనవ్రేలినుండి వెన్నుపామునకు గల మీటరు దారిలో ఇట్టి అంచెలు వేయికి తక్కువ కావు.

జపానుదేశీయుడగు ఇచిజి తసాకి ఒంటరి నాడీతంతువును గోదురుకప్పనుండి వేఱుపఱచి, మత్తుమందును తొడుగుపై పూసినచో వార్త ఆగదని, కణుపుపై పూసిననే దాని దారి చెడునని 1930ల చివర చూపెను. 1949లో ఆండ్రూ హక్స్‌లీ, రాబర్ట్ స్టెంప్‌ఫ్లీ యను ఇరువురును ఈ దూకుడు నడకను విద్యుత్ప్రవాహపు కొలతలతో ధ్రువపఱచిరి. సంస్కృతవ్యాకరణము చదివినవారికి మండూకప్లుతి యను మాట తెలిసియే యుండును: ఒక సూత్రమందలి పదము నడుమనున్న సూత్రములను స్పృశింపక, కప్పవలె దూకి, దూరపు సూత్రమున అన్వయించుటకు వైయాకరణులు పెట్టిన పేరది. నాడిలోని మండూకప్లుతిని మండూకము కాలిలోనే కనుగొనుట, పాణినీయులు వినియుండినచో నవ్వుకొనదగిన ముచ్చట.

ఈ ఏర్పాటువలన వేగమేగాక పొదుపును కలుగును. లోపలికి దుమికిన సోడియమును తిరిగి వెలుపలికి తోడిపోయుటకు కణము ఇంధనమును ఖర్చుచేయవలెను. ఆ ఇంధనము ఏటీపీ యను అణువు. దానిని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డునందు సైరస్ ఫిస్కే, మన యెల్లాప్రగడ సుబ్బారావు వేర్వేఱుగ కనుగొనిరి. తలుపులు కణుపులవద్దనే తెఱచుకొనుటచే తోడవలసిన సోడియం స్వల్పము, ఖర్చును స్వల్పము. సుబ్బారావుగారి పేరు మరల వచ్చును. అంతవఱకు ఆయనను ఇచ్చట నిలిపి ముందునకు పోవుదము.

మైలిన్ లేని ప్రాణులు వేగమును ఎట్లు సంపాదించును? తంతువును లావుచేసికొని. స్క్విడ్ అను సముద్రజీవి శత్రువునుండి తప్పించుకొనుటకు వాడు తంతువు అరమిల్లీమీటరు లావున, కంటికి కనబడునంత ఉండును, 1936లో జె. జెడ్. యంగ్ దానిని వెలుగులోనికి తేగా, దానిపైననే హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు నాడీవిద్యుత్తు గుట్టు విప్పి 1963లో ఎక్లిస్‌తో కలిసి నోబెల్ బహుమతి నందిరి. అంత లావుండియు అది సెకనుకు సుమారు 25 మీటర్ల వేగమునే యిచ్చును. తొడుగున్న కప్పతంతువు దానిలో నలువదవ వంతు లావుతోనే ఆ వేగమును అందుకొనును. తొడుగు లేనిచోట వేగమును నాలుగింతలు చేయవలెనన్న లావును పదునాఱింతలు చేయవలెను. ఆ లెక్కను మన నాడులు సెకనుకు నూఱు మీటర్లు పరుగెత్తవలెనన్న ఒక్కొక్క తంతువు ఎనిమిది మిల్లీమీటర్లు, అనగా పెన్సిలుకంటె లావు ఉండవలసివచ్చును. అట్టివి వేలకొలది చేరిన మన వెన్ను తాటిమానును మించియుండెడిది. దవడలు గల చేపలనుండి మనవఱకు వెన్నెముక ప్రాణులన్నియు మైలిన్‌ను పొందగా, దవడలు లేని లాంప్రే చేపకు అది లేదు. అయితే ఈ విద్యను ప్రకృతి మనకొక్కరికే నేర్పలేదు. రొయ్యలలో పీనియస్ జాతులకు వేఱుదారిన ఏర్పడిన మైలిన్ వంటి తొడుగున్నది. వాని తంతువులలో వార్త సెకనుకు 200 మీటర్లను సమీపించుట, కొన్నియెడల మించుటయు శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. భీమవరపు చెరువులలో మనము పెంచు టైగరు రొయ్యయు ఆ పీనియస్ కులమునకు చెందినదే. వలకు చిక్కబోవు రొయ్య వెనుకకు చిమ్ముకొనిపోవు తీరును చూచినవారికి ఇది ఆశ్చర్యము గొలుపదు.

ఇక ఈ తొడుగును నేయువారెవరు? తంతువు తానై దానిని స్రవించునని కొందఱును, ప్రక్కనున్న కణముల పనియని కొందఱును చాలకాలము తర్కించిరి. తంతువులనంటి ఒకజాతి కణములున్నవని 1839లోనే థియోడర్ ష్వాన్ వ్రాసియుండెను. 1954లో బెట్టీ గెరెన్ అను విదుషీమణి కోడిపిండపు నాడులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి వాదమును తీర్చినది: ష్వాన్ కణము తంతువును ఒడిసిపట్టి, తన దేహపు అంచును దానిచుట్టును చుట్టలుచుట్టలుగా చుట్టి, లోపలి రసమును పిండివేసి, ఉత్త పొరలను మాత్రమే మిగుల్చును. ఆత్రేయపురపు పూతరేకును తలచుకొనుడు. కాలిన కుండబోర్లపై గుడ్డతో పిండినీటిని పరచి తీసిన కాగితమువంటి రేకు, దానిపై నేయి, మరల రేకు, మరల నేయి, అన్నిటిని కలిపి మడిచి చుట్టుట. మైలిన్‌ను నడిమికి కోసి చూచిన చిత్రమునకు అంతకన్న దగ్గఱ పోలిక నాకు దొరకలేదు. పెద్ద తంతువులపై ఇట్టి చుట్లు నూటివఱకు ఉండవచ్చును. శరీరమందలి నాడులలో ఒక ష్వాన్ కణము ఒక తంతువున ఒక్క బోద్దెను మాత్రమే చుట్టును. మెదడు, వెన్నుపాములలో ఈ పని వేఱొక కణముది. స్పెయిన్‌దేశీయుడు పియో డెల్ రియో ఒర్తేగా 1921లో దానికి ఒలిగోడెండ్రోసైటు అని పేరిడెను. అది అనేకహస్తములు గల దేవతవలె చేతులు చాచి ఏబది బోద్దెల వఱకు ఒక్కతెయే చుట్టగలదు. ఈ భేదమునకు ఫలితము కొన్ని వ్యాధులలో తెలియవచ్చును.

శిశువు పుట్టునాటికి ఈ చుట్టుడు పని చాలవఱకు మిగిలియే యుండును. పాప బోర్లపడినప్పుడు మన తల్లులు బొబ్బట్లు, అడుగులు వేసినప్పుడు అరిసెలు, పలుకులు నేర్చినప్పుడు చిలుకలు పంచిపెట్టుదురు. ఈ పండుగలన్నియు ఒక విధముగ మైలిన్ పండుగలే. మెడ నిలుపుట, బోర్లపడుట, పారాడుట, తప్పటడుగులు అను వరుస, మెదడునుండి కండలకు దిగు దారులు పైనుండి క్రిందికి తొడుగును ధరించు వరుసకు చాలవఱకు సరిపోవును. లైప్‌జిగ్ నగరపు పాల్ ఫ్లెక్సిగ్ 1870లలోనే శిశువుల మెదళ్ళను పరీక్షించి, ఏ భాగములు ముందు తెల్లబడునో, ఏవి కడపట తెల్లబడునో క్రమము నిర్ణయించెను: చూపు, స్పర్శ, కదలికలకు చెందినవి ముందు, ఆలోచనకు, వివేకమునకు చెందినవి అన్నిటికన్న వెనుక. నుదుటి వెనుకనున్న భాగమున ఈ పని ఇరువదియైదేండ్లు దాటినను ముగియదని నేటి పరిశోధనలు చెప్పుచున్నవి; పదునెనిమిదేండ్ల కుమారునికి బుద్ధి చెప్పి విసిగిన తండ్రికి ఇది కొంత ఊరట. పసిపాప అరికాలిని మడమనుండి వ్రేళ్ళవైపు మెల్లగా గీచినచో బొటనవ్రేలు పైకి లేచును. పెద్దలకైనచో అది క్రిందికి ముడుచుకొనవలెను. మెదడునుండి దిగు దారి సుమారు రెండేండ్లకు తొడుగును పూర్తిగా ధరించి క్రింది నాడులపై అదుపు సంపాదించువఱకు పాప వ్రేలు పైకే లేచుచుండును. పెద్దవానికి మరల పైకి లేచినచో ఆ దారి చెడినదన్నమాట. 1896లో జోసెఫ్ బాబిన్‌స్కీ ఈ గుర్తును లోకమునకు తెలిపెను. నేటికిని ఏ యంత్రమును లేని పల్లెవైద్యుడు తాళపుచెవితో గీచి ఈ పరీక్ష చేయవచ్చును.

సాధనచే సైతము మైలిన్ పెరుగునా యను ప్రశ్నకు సమాధానము అవుననియే తోచుచున్నది. చిన్ననాట ఎక్కువ గంటలు పియానో అభ్యసించినవారి శ్వేతపదార్థమున మార్పులున్నవని 2005లో తేలెను; క్రొత్త ఒలిగోడెండ్రోసైటులు పుట్టకుండ అడ్డగింపబడిన ఎలుకలు మెట్లు సమముగా లేని చక్రముపై పరుగెత్తుటను సరిగా నేర్వజాలకపోవుట 2014లో లండనులో కనుగొనిరి.

తొడుగు చెడినచో ఏమగును? తంతువు తెగకపోయినను అంచెలు కుదరక వార్త ఆలస్యమగును, లేదా నడుమ ఆగిపోవును. 1868లో పారిసునందు జాన్ మార్టిన్ షార్కో వర్ణించిన మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధిలో శరీరపు రక్షణబలగమే శత్రువై మెదడు, వెన్నుపాములలోని మైలిన్‌ను అక్కడక్కడ కొఱికివేయును. ఒక కంటిచూపు మసకబాఱుట, కాలు తడబడుట, తిమ్మిరులు. కొన్ని వారములకు తగ్గి, మరల మఱియొకచోట. ఇది ఉత్తర ఐరోపాలో అధికము, ఉష్ణదేశములలో తక్కువ. ఎప్‌స్టీన్-బార్ అను సర్వసాధారణ వైరసునకు ఇందు పాత్ర కలదని, కోటి మందికి మించిన అమెరికా సైనికుల రక్తపరీక్షల లెక్కలు 2022లో బలముగా సూచించెను. ఈ రోగులకు ఎండ పడదు. వేడినీటి స్నానము చేసినను చూపు మందగించి, చల్లబడినంతనే తేఱుకొనును. 1890లో విల్హెల్మ్ ఉథాఫ్ చెప్పిన ఈ చిత్రమునకు కారణము, వేడికి కణుపులలోని తలుపులు త్వరగా మూసికొనుటచే, ఇదివఱకే నీరసించిన వార్త మఱుకణుపును చేరలేకపోవుటయే. ఇట్టివానికి మన రెంటచింతల మే మాసము ఎట్లుండునో ఊహింపవచ్చును.

పత్రికలలో జీబీఎస్ అని వచ్చు గిలన్-బారే వ్యాధియందు దాడి శరీరపు నాడులపై జరుగును. కాళ్ళనుండి మొదలై పక్షవాతము పైకి ప్రాకి ఒక్కొక్కప్పుడు ఊపిరిని సైతము అడ్డగించును. 1916లో ఇరువురు సైనికులలో దీనిని వర్ణించినవారు గిలన్, బారే, స్ట్రోల్ అను మువ్వురు. మూడవవాని పేరు లోకము ఏలనో జాఱవిడిచినది. భయంకరముగా కనబడినను ఈ రోగులలో చాలమంది నెలల వ్యవధిలో లేచి నడతురు, ఏలయన ష్వాన్ కణములు మరల పెరిగి మరల చుట్టగలవు. మెదడులోని ఒలిగోడెండ్రోసైటులకు ఆ శక్తి లేకపోలేదు గాని, అవి రెండవమాఱు చుట్టిన పొర పలుచన.

ష్వాన్ కణమునే ఇల్లుగా చేసికొను శత్రువు ఒకటి మన దేశమునకు చిరపరిచితము. 1873లో నార్వేలో హాన్సెన్ కనుగొన్న కుష్ఠు సూక్ష్మజీవి శరీరమున చల్లనిచోట్లను వెదకి, మోచేతివద్ద, చెవివెనుక, మోకాలి ప్రక్కన చర్మమునకు దగ్గఱగా పోవు నాడులలో చేరి ష్వాన్ కణములలో కాపురముండును. మచ్చ పడిన చోట స్పర్శ పోవును. పొయ్యిమీది గిన్నెను ఉత్తచేతులతో దింపి, వ్రేళ్ళు కాలినను ఎఱుగకుండుట, కాలిలో ముల్లు దిగినను నడచిపోవుట. వ్రేళ్ళు ఊడిపోవునని లోకము చెప్పుకొనునది వ్యాధి తినుట కాదు, నొప్పి తెలియక తగిలిన గాయములు మానకపోవుటయే. నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 20వ శతాబ్ది తొలిపాదమున నెలకొల్పిన చికిత్సాలయము తెలుగుదేశమున ఈ రోగులకు ఆశ్రయమిచ్చిన వానిలో ముఖ్యమైనది. 1980లనుండి మూడు మందులు కలిపి యిచ్చు చికిత్సచే ఈ వ్యాధి నయమగుచున్నది. అయినను పోయిన నాడి తిరిగి రాదు గనుక, స్పర్శ తెలియని మచ్చను చూచి సిగ్గుపడి దాచుటకన్న తప్పు వేఱొకటి లేదు.

కడపట సుబ్బారావుగారి కడకు. 1895లో భీమవరమున జన్మించి, తన సోదరుని స్ప్రూ అను గ్రహణివ్యాధి కబళింపగా చూచిన ఆయన, అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున నాయకత్వము వహించిన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది సంజీవని యయ్యెను. పెర్నీషియస్ అనీమియా యను దారుణ రక్తహీనతకును వైద్యులు దానినే యిచ్చి చూచిరి. పాలిపోయిన ముఖములకు కొలది దినములలోనే రక్తపు కళ వచ్చెను, ఆకలి పుట్టెను, రక్తపరీక్షలు చక్కబడెను. కాని 1946, 1947 సంవత్సరములలో ఒక విపరీతము బయటపడినది. రక్తము బాగుపడిన ఆ రోగులలో కొందఱికి కాళ్ళు తిమ్మిరెక్కి, నేల దూదివలె తోచి, చీకటిలో నడువలేకపోవుట ఆరంభమయ్యెను. ఆ వ్యాధికి మూలము ఫోలికామ్లపు లేమి కాదు, పేరైనను తెలియని మఱియొక విటమిను లేమి. రక్తకణముల తయారీలో ఫోలికామ్లము ఆ లోటును కప్పిపుచ్చగలదు గాని, మైలిన్‌ను నిలుపుకొను రసాయనక్రియలలో కప్పిపుచ్చలేదు. ఎఱుపు తేఱిన ముఖము చూచి వైద్యుడును రోగియు ఆదమఱచియుండగా, వెన్నుపాము వెనుకప్రక్కను, ప్రక్కలను సాగు లావైన తంతువుల తొడుగు ఉబ్బి, ఊడి, కరగిపోవుచుండెను. లోపించిన ఆ పదార్థము, బీ12, 1948లో ఎఱ్ఱని స్ఫటికములుగా వేఱుచేయబడినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను.

బీ12 ఏ కూరగాయలోను, ఏ పప్పులోను లేదు. దానిని తయారుచేయునవి సూక్ష్మజీవులు, అది మనకు చేరునది పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసముల ద్వారమున. పాడి తగ్గిన శాకాహారి కుటుంబములు, జీర్ణకోశము మందగించిన వృద్ధులు, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్‌ను ఏండ్లతరబడి వాడువారు ఈ విషయమున హెచ్చరిక కలిగియుండవలెను. కాలుచున్న ఇంటినుండి సామాను దక్కించుకొనునట్లు, ముందుగా గుర్తించి సూదిమందు ఇచ్చినచో పోయిన తొడుగులో చాలభాగము తిరిగివచ్చును, ఆలస్యమైనచో రాదు.

దీనిని పసికట్టుటకు వైద్యుడు చేయు పరీక్ష మిక్కిలి సులభము. సెకనుకు 128 మాఱులు కంపించు ఇనుప శ్రుతిదండమును అఱచేతికి కొట్టి, కన్నులు మూసికొనియున్న రోగి కాలి బొటనవ్రేలి ఎముకపై దాని పిడిని ఆనించును. ఆ కంపనమును మోయునవి మిక్కిలి దళమైన తొడుగు గల తంతువులే గనుక, వెన్నుపాములో దారి చెడుట మొదలైనచో అన్నిటికన్న ముందు కనుమఱుగగునది అదియే. "జుమ్మనుచున్నదా?" అని వైద్యుడడుగును. రోగి కొంతసేపు ఆలోచించును. చల్లని ఇనుము ఏదో తగిలినదని మాత్రము తెలియుచున్నదని చెప్పును. వైద్యుడు శ్రుతిదండమును మరల కొట్టి, ఈమాఱు చీలమండమీద పెట్టును.